బాస్ వేట: ఎర, కర్ర, రీలు ఎంపిక

లార్జ్‌మౌత్ బాస్ ఉత్తర అమెరికా మంచినీటి చేప. చెరువుల్లో, జలాశయాల్లో, నిదానంగా పారే నదుల్లో పెరుగుతుంది. దీన్ని కృత్రిమ ఎరతో పట్టడం అమెరికాలో ఎంతో ఆదరణ ఉన్న వినోదం, డబ్బు బహుమతులతో సాగే పోటీ క్రీడ కూడా. ఇందుకు ఎర, కర్ర, రీలు, దారం కావాలి. వేటికవి ఎంత ఖరీదైనవి కొన్నా, ఒకదానికొకటి పొసగకపోతే చేప చేతికి రాదు. అందుకే ఎంపిక నీళ్ల దగ్గరే మొదలవ్వాలి. చేప ఉన్న చోటును బట్టి ఎర, ఎర బరువునూ దాని కొక్కేన్నీ బట్టి కర్ర, ఆ కర్రకు తగ్గ రీలు, దారం ఎంచుకోవాలి.

చేప తీరు

బాస్ పొంచి ఉండి దాడి చేసే చేప. నీటి మొక్కల అంచున, మునిగిన మోళ్ల పక్కన, పడవల రేవు స్తంభాల నీడలో కాచుకుని ఉంటుంది. చిన్న చేపో రొయ్యో కప్పో దగ్గరికి రాగానే పెద్ద నోరు ఒక్కసారిగా తెరిచి, నీటితో సహా లోపలికి లాగేసుకుంటుంది. వసంతంలో నీటి ఉష్ణోగ్రత 16–20 డిగ్రీల సెల్సియస్‌కు చేరేసరికి గుడ్లు పెట్టడానికి ఒడ్డు దగ్గరి లోతు తక్కువ నీటికి వస్తుంది. చలికాలంలో మందగిస్తుంది కాబట్టి అప్పుడు ఎరను కూడా నెమ్మదిగానే కదిలించాలి.

ఎర రంగుల మీద వేటగాళ్ల వాదనలకు అంతుండదు. ఇలినాయ్ విశ్వవిద్యాలయ పరిశోధకులు 2019లో ప్రచురించిన అధ్యయనం ఈ వాదనలను తేల్చడానికి కొంత ఆధారం చూపింది. బాస్ కంట్లో ఎరుపుకూ ఆకుపచ్చకూ స్పందించే కణాలు ఉన్నాయి. ఆ రెండు రంగులనూ బాగానే గుర్తుపడుతుంది గానీ, నిమ్మపసుపుకూ తెలుపుకూ, ముదురు నీలానికీ నలుపుకూ తేడా పోల్చుకోలేదు. తేటనీటిలో చిన్న చేపను పోలిన సహజ వర్ణాలు, బురదనీటిలో ముదురు రంగులు, నీటిలో ప్రకంపన పుట్టించే ఎరలు వాడటం పరిపాటి. చూపు ఆననిచోట చేప ఒంటి పక్కన ఉండే పార్శ్వరేఖ ఆ కదలికను పసిగడుతుంది.

ఎరలు

ఫిన్లాండ్‌కు చెందిన లౌరి రాపాలా 1936లో బెండు చెక్కి, చాక్లెట్ రేకు చుట్టి తన తొలి ఎరను తయారుచేశాడు. గాయపడి తడబడుతూ ఈదే చిన్న చేప నడకను దానికి ఇచ్చాడు. 1949లో ఒహాయో రాష్ట్రంలోని ఆక్రాన్‌లో నిక్ క్రీమ్ మెత్తని ప్లాస్టిక్ వానపామును అచ్చుపోశాడు. గట్టి ఎరలు, మెత్తని ఎరలు అనే రెండు వర్గాలకు ఇవి మంచి ఉదాహరణలు.

గట్టి ఎరల్లో ప్రధానమైనది క్రాంక్‌బెయిట్. ముక్కు కింద నాలుకలాంటి పలక ఉంటుంది. సాధారణంగా పలక పొడుగ్గా ఉంటే ఎర లోతుకు దిగుతుంది, పొట్టిగా ఉంటే పైపైనే ఈదుతుంది. చేప ఎక్కడుందో తెలియని పెద్ద జలాశయంలో త్వరగా వెతకడానికి ఇది తగినది. తళుక్కున తిరిగే రేకులున్న స్పిన్నర్‌బెయిట్ మసకనీటిలో, గాలికి అలలు లేచినప్పుడు పనికొస్తుంది. నాచు దట్టంగా కప్పిన చోట బోలు కప్ప బొమ్మను ఆకుల మీదుగా లాగుతారు.

మెత్తని వానపామును దారానికి కట్టే పద్ధతుల్లో టెక్సస్ రిగ్ బాగా ప్రసిద్ధి. తూటా ఆకారపు బరువును మొన పైకి ఉండేలా దారానికి ఎక్కించి, కింద కొక్కెం కడతారు. కొక్కెం మొనను వానపాము తలలో కొద్దిగా గుచ్చి, పక్కనుంచి బయటికి లాగి, వెనక్కి తిప్పి, మళ్లీ శరీరంలోనే దాస్తారు. మొన బయట లేదు కాబట్టి నాచుకూ మోళ్లకూ అంతగా తగులుకోదు. అయితే చేప కరిచినప్పుడు ఆ మొన ముందు ప్లాస్టిక్‌ను, తర్వాత దవడను చీల్చాలి. కర్ర ఎలాంటిదై ఉండాలో ఇక్కడే తేలిపోతుంది.

కర్ర

కర్రకు రెండు గుణాలు చూస్తారు. ఒకటి బలం: వంచడానికి ఎంత శక్తి కావాలి. రెండోది వంపు: కొసన మాత్రమే వంగుతుందా, సగం దాకా వంగుతుందా. ఎంత బరువు ఎర, ఏ దారం సరిపోతాయో చాలా కర్రల పిడికి కాస్త పైన అచ్చువేసి ఉంటుంది. కొనేముందు చదవాల్సింది ఆ అంకెలనే.

టెక్సస్ రిగ్‌కు, జిగ్ అనే ఒంటి కొక్కెం ఎరకు ఏడడుగుల, మీడియం హెవీ బలమున్న గ్రాఫైట్ కర్ర నప్పుతుంది. కొసన మాత్రమే వంగే రకమైతే చేతి ఊపు నేరుగా కొక్కేనికి చేరి లోతుగా దిగుతుంది. క్రాంక్‌బెయిట్ సంగతి వేరు. దాని మూడు కొనల కొక్కేలు సన్నగా ఉండి, పైపైన గుచ్చుకుంటాయి. గట్టి కర్రతో లాగితే చేప నోటినుంచి ఊడిపోవచ్చు. సగం దాకా వంగే ఫైబర్‌గ్లాస్ లేదా మిశ్రమ కర్ర చేప విదిలింపులను తనలో ఇముడ్చుకుంటుంది. కప్ప ఎరకు అంతకంటే బలమైన హెవీ కర్ర తప్పదు, ఎందుకంటే చేపతో పాటు కిలోలకొద్దీ నాచునూ లాగాలి.

రీలు, దారం

బెయిట్‌కాస్టింగ్ రీలులో ఎరను విసిరినప్పుడు దారం చుట్టి ఉన్న చుట్టే తిరుగుతుంది. ఎర వేగం తగ్గినా చుట్టు వేగం తగ్గకపోతే దారం పొంగి చిక్కుపడుతుంది. అందుకే అయస్కాంత లేదా అపకేంద్ర బ్రేకులు పెడతారు. వాటితో పాటు బొటనవేలి అదుపూ అలవడాలి. బరువైన ఎరలకు, మందపు దారానికి, గురిచూసి విసరడానికి ఈ రీలును మించింది లేదు. సుమారు ఏడు గ్రాములకు తక్కువ బరువున్న ఎరలకు స్పిన్నింగ్ రీలు సులువు. అందులో చుట్టు కదలదు, దారం ఉంగరాలుగా జారిపోతుంది. కొత్తవారు దీనితోనే మొదలుపెట్టడం మేలు.

రీలు పిడి ఒకసారి తిప్పితే చుట్టు ఎన్నిసార్లు తిరుగుతుందో గేర్ నిష్పత్తి చెబుతుంది. లోతుకు దిగే క్రాంక్‌బెయిట్ నీటిని గట్టిగా ఎదిరిస్తుంది కాబట్టి దానికి 5:1 దగ్గరి రీలు చేతికి భారం తగ్గిస్తుంది. వానపాముకూ కప్పకూ వదులు దారాన్ని చప్పున చుట్టుకోవాలి. వాటికి 7:1 లేదా అంతకు మించినది కావాలి.

నైలాన్ దారం సాగుతుంది, చవక. ఫ్లోరోకార్బన్ మునుగుతుంది, నీటిలో తక్కువగా కనిపిస్తుంది, రాపిడికి ఓరుస్తుంది. అల్లిక దారం దాదాపు సాగదు, నాచును కోసుకుంటూ వస్తుంది, కానీ తేటనీటిలో స్పష్టంగా కనిపిస్తుంది.

రికార్డులు, నియమాలు

1932 జూన్ 2న జార్జియాలోని మాంట్‌గోమరీ సరస్సులో జార్జ్ పెర్రీ 22 పౌండ్ల 4 ఔన్సుల బాస్ పట్టాడు. 2009 జులై 2న జపాన్‌లోని బివా సరస్సులో మనాబు కురిటా అంతకంటే ఔన్సు లోపు ఎక్కువ తూగే చేపను బతికున్న బ్లూగిల్ ఎరతో పట్టాడు. పాత రికార్డును దాటాలంటే కనీసం రెండు ఔన్సుల తేడా ఉండాలన్నది నియమం. అందుకే ఇద్దరినీ సమానులుగా ప్రకటించారు. జపాన్‌లో బాస్ బయటినుంచి తెచ్చిన చేప. స్థానిక జాతులను తినేస్తున్నందున దాన్ని సజీవంగా తరలించడాన్ని 2005 నుంచి చట్టం నిషేధిస్తోంది.

తెలుగువారు ఎక్కువగా స్థిరపడిన టెక్సస్‌లో 17 ఏళ్లు నిండినవారు సాధారణంగా లైసెన్సు తీసుకున్నాకే గాలం వేయాలి. తెలుగునాట బాస్ సహజంగా లేదు గానీ, నాచు చాటున పొంచి వేటాడే కొర్రమీను ఉంది. ఆగ్నేయాసియాలో కొర్రమీను జాతి చేపలను కప్ప ఎర, అల్లిక దారం, బలమైన కర్ర, బెయిట్‌కాస్టింగ్ రీలుతోనే పడతారు. తెలంగాణ రాష్ట్ర చేప అయిన కొర్రమీనుకూ అదే సామగ్రి నప్పుతుంది.