ఇళ్ల ఖాళీ చేయింపుపై నిషేధం, అత్యవసర అద్దె సహాయం (అమెరికా, 2020–22)

కోవిడ్ కాలంలో అద్దె కట్టలేకపోయిన వారిని ఇళ్ల నుంచి వెళ్లగొట్టకుండా అమెరికాలో తెచ్చిన తాత్కాలిక రక్షణలు. 2020 మార్చి నాటి కేర్స్ చట్టం సమాఖ్య రుణమో సహాయమో ఉన్న ఇళ్లకే 120 రోజుల ఊరటనిచ్చింది. సెప్టెంబరు 4న వ్యాధి నియంత్రణ సంస్థ సీడీసీ దాదాపు దేశమంతటికీ వర్తించే నిషేధం విధించింది. ఇల్లు పోయినవారు ఇరుకు వసతుల్లో చేరితే వైరస్ పాకుతుందన్నది దాని వాదన. ఇళ్ల సమస్యకు ప్రజారోగ్య చట్టాన్ని ఆసరా చేసుకోవడమే ఈ ఉత్తర్వులోని బలహీనత.

సీడీసీ ఉత్తర్వు ఇచ్చే రక్షణ దానంతట అది వచ్చేది కాదు. అద్దె కట్టలేని స్థితిలో ఉన్నానని అద్దెదారు ప్రమాణపూర్వకంగా రాసి, యజమానికి ఇవ్వాల్సి ఉండేది. పైగా బాకీ మాఫీ కాలేదు, నెలనెలా పేరుకుపోయింది. దాన్ని తీర్చడానికి కాంగ్రెస్ 2020 డిసెంబరులో 2,500 కోట్లు, 2021 మార్చిలో 2,155 కోట్ల డాలర్లు కేటాయించింది. ట్రెజరీ శాఖ నుంచి రాష్ట్రాలకు, నగరాలకు చేరిన ఈ సొమ్ము ఎక్కువగా యజమానులకే నేరుగా వెళ్లేది. కానీ అప్పటికప్పుడు ఏర్పడిన యంత్రాంగాలు, పత్రాల పట్టింపుల వల్ల పంపిణీ మొదట్లో నత్తనడకన సాగింది.

నిషేధ ఉత్తర్వు ఇచ్చే అధికారం సీడీసీకి లేదంటూ 2021 ఆగస్టు 26న సుప్రీంకోర్టు 6–3 మెజారిటీతో దాని అమలుకు తెరదించింది. న్యూయార్క్ రాష్ట్రపు సొంత నిషేధం మాత్రం 2022 జనవరి 15 వరకు నడిచింది.