ఎదిగే వయసు.. శాకాహార కంచంలో కేలరీలెన్ని?

సూళ్లూరుపేట: పులికాట్ సరస్సుకు చేరువలోని సూళ్లూరుపేట ప్రాంతంలో చేపలు, రొయ్యలు సామాన్యుల ఇళ్లలోనూ కనిపించే ఆహారం. వాటిని ముట్టని కుటుంబాల పిల్లలకు, అయ్యప్ప మాల ధరించి మండలం రోజులు శాకాహారానికి మారే విద్యార్థులకు ఎదిగే వయసులో తగినంత శక్తి అందుతుందా అన్నది తల్లిదండ్రుల సందేహం. కేలరీల అవసరం శాకాహారికైనా, మాంసాహారికైనా ఒక్కటే. వయసు, బరువు, శారీరక శ్రమను బట్టి అది మారుతుంది.

ఎవరికి ఎంత?

హైదరాబాద్‌లోని జాతీయ పోషకాహార సంస్థ, భారత వైద్య పరిశోధన మండలి 2020లో సవరించిన ప్రమాణాల ప్రకారం రోజుకు అవసరమైన శక్తి ఇలా ఉంది.

* 10-12 ఏళ్లు: బాలురకు 2,220, బాలికలకు 2,060 కేలరీలు

* 13-15 ఏళ్లు: బాలురకు 2,860, బాలికలకు 2,400 కేలరీలు

* 16-18 ఏళ్లు: బాలురకు 3,320, బాలికలకు 2,500 కేలరీలు

ఇవి ఒక మోస్తరు శ్రమ చేసేవారికి వేసిన లెక్కలు. ఆటలాడేవారికి, సైకిల్‌పై బడికి వెళ్లేవారికి ఎక్కువ, రోజంతా కూర్చుని చదివేవారికి తక్కువ అవసరమవుతాయి.

కడుపు నిండితే చాలదు

వంద గ్రాముల బియ్యంలో సుమారు 355 కేలరీలుంటాయి. పద్నాలుగేళ్ల బాలిక అన్నంతోనే 2,400 కేలరీలు పొందాలంటే రోజుకు దాదాపు 670 గ్రాముల బియ్యం వండాలి. అంత తిన్నా అందే ఇనుము 5 మిల్లీగ్రాములకు మించదు. ఆ వయసు బాలికకు కావలసింది 30 మిల్లీగ్రాములు. జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే (2019-21) ప్రకారం దేశంలో 15-19 ఏళ్ల బాలికల్లో 59.1 శాతం మందికి రక్తహీనత ఉంది. అందువల్ల కేలరీలు ఎన్ని అన్నదానితో పాటు అవి ఏ పదార్థం నుంచి వస్తున్నాయన్నదీ ముఖ్యమే.

గుడ్డుకు బదులేది?

బడిలో మధ్యాహ్న భోజనంతో ఇచ్చే గుడ్డును తినని విద్యార్థి సుమారు 70 కేలరీలు, 6 గ్రాముల మాంసకృత్తులు కోల్పోతాడు. గుప్పెడు వేరుశనగ పప్పు (25 గ్రాములు) అంతే మాంసకృత్తులను, 130 కేలరీలను ఇస్తుంది. గ్లాసు పాలు కూడా దాదాపు అంతే మాంసకృత్తులను అందిస్తాయి. అన్నంలో కొరవడిన పోషకాలను కందిపప్పు, ఇడ్లీలో మినపపప్పు పూరిస్తాయి. వంద గ్రాముల రాగుల్లో 360 మిల్లీగ్రాములకు పైగా కాల్షియం ఉంటుంది. సంగటి, జావ ఏ రూపంలోనైనా మేలే.

బి-12 విటమిన్ మొక్కల నుంచి లభించదు. కనుక శాకాహార పిల్లలకు పాలు, పెరుగు, మజ్జిగ తప్పనిసరి. ఆకుకూరలు, పప్పుతో నిమ్మరసం, ఉసిరి, జామ తీసుకుంటే ఇనుము శరీరానికి బాగా పడుతుంది. భోజనం చేసిన వెంటనే టీ, కాఫీ తాగితే ఆ మేలు తగ్గుతుంది.

ఈ లక్షణాలుంటే..

ఎదిగే వయసులో బరువు పెరగకపోవడం, త్వరగా అలసిపోవడం, కళ్ల లోపలి భాగం పాలిపోవడం, బాలికల్లో నెలసరి తప్పడం కనిపిస్తే వైద్యుని సంప్రదించి రక్తపరీక్ష చేయించాలి. ప్రభుత్వ పాఠశాలల్లో వారానికోసారి ఇచ్చే ఐరన్, ఫోలిక్ యాసిడ్ మాత్రలను మానకూడదు. ఉదయం అల్పాహారం తినకుండా బస్సు, రైలు ఎక్కే పిల్లలకు కనీసం వేరుశనగ ఉండ, అరటిపండు చేతికిచ్చి పంపడం మంచిది.