రంగం వెళ్ళిన మనవారు

గంజాం మొదలు గోదావరి వరకు ఏ పల్లెకు వెళ్ళి అడిగినా, పెద్దతరంవారి నోట "రంగం" అనే మాట వినిపించేది. "వాళ్ళాయన రంగంలో ఉన్నాడు", "రంగం డబ్బుతో కట్టిన ఇల్లు" అనేవారు. రంగం అంటే రంగూను, ఇప్పటి యాంగోన్. ఉగాది సంచికల్లో వలసను గురించి వ్రాసేటప్పుడు మనం సాధారణంగా ప్లీడర్లను, ఉపాధ్యాయులను, రైల్వే ఉద్యోగులను తలచుకుంటాం. అది తప్పు కాదు. కాని బియ్యం బస్తాలు వీపున మోసినవారిని కూడా ఒక పుటలో తలచుకోవడం న్యాయం గదా!

మన బరంపురానికి దగ్గరనే గోపాలపురం ఉంది. సాయంకాలం పిల్లలతో గాలికి వెళ్ళేవారు ఆ తీరాన పాత జెట్టీ స్తంభాలను చూసే ఉంటారు. గోపాలపురం, బారువ, కళింగపట్నం, భీమునిపట్నం, విశాఖపట్నం, కాకినాడ – ఈ రేవులన్నింటి నుండి రంగూనుకు స్టీమర్లు నడిచేవి. 1852 యుద్ధంలో దిగువ బర్మా ఆంగ్లేయుల వశమైంది. 1869లో సూయజ్ కాలువ తెరిచాక అక్కడి బియ్యానికి ఐరోపాలో గిరాకీ పెరిగింది. ఐరావతి డెల్టాలో అడవులు నరికి వరి వేశారు. మిల్లులు లేచాయి. వాటిలో పనికి, రేవులో ఎగుమతి దిగుమతులకు చేతులు కావలసి వచ్చాయి. ఆ చేతుల్లో ఎక్కువ భాగం మన తీరానివే.

అక్కడ మనవారికి "కొరంగీలు" అని పేరు. యానానికి సమీపాన ఉన్న కోరంగి ఒకప్పుడు ఓడలు కట్టిన రేవు. 1789లోను, మళ్ళీ 1839 నవంబరులోను వచ్చిన తుఫానులు దానిని ముంచివేశాయి. వ్యాపారం కాకినాడకు మళ్ళింది. రేవు పోయినా పేరు మాత్రం సముద్రం దాటి, తెలుగు కూలీ ఏ ఊరివాడైనా వాడి నెత్తిన కూర్చుంది. బర్మాలో ఆ మాటను చిన్నచూపుతో వాడినవారే ఎక్కువ.

వీరిని తీసుకువెళ్ళింది మేస్త్రీలు. మేస్త్రీ ఊళ్ళోకి వచ్చి బయానా ఇచ్చేవాడు, ఓడ ఛార్జీ తానే పెట్టేవాడు. ఆ తరువాత కూలి డబ్బులు వాడి చేతిమీదుగా రావలసిందే. అప్పు, వడ్డీ, కమీషను పోగా మిగిలినదే జీతం. దానిలోనే ఇంటికి మనియార్డరు. 1931 జనాభా లెక్కల్లో రంగూను నగర జనం సుమారు 4 లక్షలు. అందులో 2 లక్షల 12 వేలమంది భారతీయులు. అంటే బర్మా రాజధానిలో బర్మావారే తక్కువ! వారికి ఇది కంటగింపు అయిందంటే మనం ఆశ్చర్యపడరాదు.

తిండి సంగతికి వస్తాను. లక్షల టన్నుల బియ్యాన్ని ఓడకెత్తినవాడు తిన్నది కిక్కిరిసిన బారకాసుల్లో వంతులవారీగా వండిన అన్నం, పప్పునీళ్ళు, ఎండుచేప. ఇంటి నుండి కట్టుకుపోయిన చింతపండు అయిపోయినరోజున నాలుక చచ్చినట్లుండేదట. మా అమ్మమ్మ తన మేనమామ మాటగా చెప్పేది. బర్మావారి ఙపి, అనగా ఊరవేసిన చేపముద్ద, వాసనకే మొదట మనవాళ్ళు ముక్కు మూసుకునేవారట. ఉప్పుచేప తినేవాడికి ఙపి మీద అంత అసహ్యమెందుకో నాకు బోధపడదు! ఏమైనా, మొహింగా మాత్రం త్వరగా దగ్గరైంది. బియ్యపు సేమ్యామీద చేపపులుసు, అందులో అరటి దవ్వ, నిమ్మగడ్డి, పైన కరకరలాడే వడలు. ఉదయం వీధి అరుగు దగ్గరే దొరుకుతుంది. పులుసు ఎరిగిన నాలుకకు అది పరాయిది కాదు.

సుఖంగా సాగిన రోజులు తక్కువే. 1930 మేలో మన రేవు కూలీలు కూలి పెంచమని సమ్మె కట్టారు. యజమానులు బర్మా కూలీలను పెట్టుకున్నారు. సమ్మె తీరాక వారిని పొమ్మన్నారు. మే 26న రేవులో మొదలైన కొట్లాట నగరమంతా పాకింది. వందమందికి పైగా చనిపోయారు. ఎక్కువమంది మనవారే. ఇద్దరు పేదలను పోట్లాటకు దించి, లాభం మూడోవాడు అనుభవించాడని నా అభిప్రాయం. 1937లో బర్మాను భారతదేశం నుండి విడదీశారు. 1941 డిసెంబరు 23న జపాను బాంబులు పడగానే ఓడ టిక్కెట్టు దొరకనివారు కాలినడకన బయలుదేరారు. టౌంగుప్ కనుమమీదుగా కొందరు, టము మీదుగా మణిపురానికి కొందరు. కలరా, మలేరియా, ఆకలి – దారిలో వేలమంది రాలిపోయారు. ఇల్లు చేరినవారిలో కొందరు యుద్ధం ముగిశాక మళ్ళీ వెళ్ళారు. 1962లో సైనిక ప్రభుత్వం వచ్చింది. 1964 నాటికి దుకాణాలు జాతీయమయ్యాయి, పెద్దనోట్లు చెల్లకుండా పోయాయి. ఈసారి వచ్చినవారికి నగలు వెంట తెచ్చుకోవడానికి కూడా ఆంక్షలే.

అలా వచ్చినవారిలో కొందరు విశాఖలో కంచరపాలెం వైపు బర్మా క్యాంపులో స్థిరపడ్డారు. చెన్నపట్నంలో 1969లో బర్మా బజారు పెట్టుకున్నవారూ ఇటువంటి కాందిశీకులే. అక్కడ మన తమిళ సోదరుల అథో బండ్లు నేటికీ ఉన్నాయి. విశాఖకు పనిమీద వెళ్ళినప్పుడు బర్మా క్యాంపులో ఒక బండి దగ్గర ఖౌస్వే తిన్నాను. కొబ్బరిపాలు, శనగపిండి కలిపిన కోడిపులుసులో నూడిల్సు, పైన వేయించిన వెల్లుల్లి, నిమ్మరసం. వడ్డించిన పెద్దమ్మ రంగూనులో పుట్టిందట. "కారం చాలదు బాబూ, ఇంకాస్త వేసుకో" అంటూ మిరపపొడి ముందుకు జరిపింది. బర్మావారు అంత కారం వేసుకోరు. అది మనవారు కలిపిన వాటా!

రాకుండా ఉండిపోయినవారూ ఉన్నారు. యాంగోన్‌లో, పెగూలో, మోల్మీన్ చుట్టుపట్ల పల్లెల్లో తెలుగు కుటుంబాలు నేటికీ ఉన్నాయి. 1982 పౌరసత్వ చట్టం 1823కు ముందు నుండి అక్కడ ఉన్న జాతులకే సహజంగా పూర్తి పౌరసత్వం ఇచ్చింది. మనవారి ముత్తాతలు ఓడ ఎక్కింది ఆ తరువాతనే. అందుచేత నాలుగైదు తరాలుగా అక్కడే పుట్టి పెరిగినవారిలో ఎందరో తమ వంశం ఎప్పుడు వచ్చిందో నిరూపించే కాగితాలకోసం ఇంకా కచేరీల చుట్టూ తిరుగుతున్నారు. మేస్త్రీ బయానా చీటీలను దాచుకున్న కూలీ ఎక్కడున్నాడు?