గాంగ్లియాన్

గాంగ్లియాన్ అనగా మెదడుకు, వెన్నుపాముకు వెలుపల నాడీకణ దేహాలు ఒకచోట గుమిగూడి ఏర్పడిన ముడి వంటి భాగం. దీని బహువచనం గాంగ్లియా. తెలుగులో నాడీసంధి అని కూడా వ్యవహరిస్తారు. ఒక నాడీకణం నుండి మరొకదానికి సంకేతం దాటే చోటైన సైనాప్స్ వేరు, ఇది వేరు. వైద్యంలో మణికట్టుపై లేచే ఒక తిత్తికి కూడా గాంగ్లియాన్ అనే పేరు ఉంది. ఆ తిత్తి నాడీకణాలతో ఏర్పడినది కాదు.

పదం పుట్టుక

ప్రాచీన గ్రీకు భాషలో ఈ పదానికి చర్మం కింద, ముఖ్యంగా స్నాయుబంధనాలపై లేచే బుడిపె అని అర్థం. అనగా మణికట్టు తిత్తి అర్థమే పాతది. క్రీ.శ. 2వ శతాబ్దపు వైద్యుడు గాలెన్ నాడులపై కనిపించే ముడులకు ఆ పోలికతో ఇదే పేరు వాడాడు. ఈ పోలిక వింతైనదేమీ కాదు. గ్రీకులో న్యూరాన్ అనే మాటకు మొదటి అర్థం స్నాయుబంధనం. నాడి అనే అర్థం తరువాత వచ్చింది. తెలుగులో నరం అనే మాట తీరు కూడా ఇటువంటిదే. చేతిపై నరాలు తేలాయి అన్నప్పుడు అవి సిరలు, నరాల బలహీనత అన్నప్పుడు నాడులు, నరం పట్టేసింది అన్నప్పుడు చాలాసార్లు కండరమో స్నాయుబంధనమో.

నాడీసంధులు

మానవునిలో 31 జతల వెన్నునాడులు ఉన్నాయి. ప్రతి వెన్నునాడి పృష్ఠమూలంపై సాధారణంగా ఒక నాడీసంధి ఉంటుంది. స్పర్శ, నొప్పి, వేడి వంటి జ్ఞానాలను వెన్నుపాముకు చేరవేసే కణాల దేహాలు ఇందులోనే ఉంటాయి. ఆటలమ్మ తగ్గిన తరువాత కూడా దాని వైరస్ ఈ సంధులలో ఏళ్ళ తరబడి నిద్రాణంగా ఉండి, రోగనిరోధక శక్తి తగ్గినప్పుడు ఆ నాడి వెంట చర్మానికి చేరి అక్కిగా బయటపడుతుంది. అక్కి పొక్కులు సాధారణంగా శరీరానికి ఒక పక్కనే పట్టీలా రావడానికి కారణం ఇదే.

బొద్దింకలో ఉదరతల నాడీదండంపై వక్షంలో 3, ఉదరంలో 6 నాడీసంధులు ఉంటాయి. తల తెగిన బొద్దింక కూడా కొన్నాళ్ళు కదలగలగడంలో వీటి పాత్ర ఉంది.

మెదడులోని బేసల్ గాంగ్లియా పేరుకు మాత్రమే గాంగ్లియా. కేంద్ర నాడీవ్యవస్థలోని ఇటువంటి సమూహాలను కేంద్రకాలు అనడం నియమం. అయినా పాత పేరే నిలిచిపోయింది.

మణికట్టు తిత్తి

ఇది కీలు పొర నుండి గాని, స్నాయుబంధనపు తొడుగు నుండి గాని పుడుతుంది. లోపల జిగురు వంటి ద్రవం ఉంటుంది. ఇది క్యాన్సర్ కాదు. చాలావరకు దానంతట అదే తగ్గిపోతుంది, పక్కనున్న నాడిని నొక్కితే మాత్రం నొప్పి, తిమ్మిరి కలుగుతాయి. పూర్వం పాశ్చాత్య దేశాలలో బరువైన పుస్తకంతో మోది దీనిని చిదిపేవారు, అందువల్ల బైబిల్ తిత్తి అనే పేరు కూడా వచ్చింది. చేతికి గాయం కాగలదు కనుక వైద్యులు ఈ పద్ధతిని వద్దంటారు.