కొండలు ఢీకొన్నప్పుడు కాదు.. సాగినప్పుడు పుట్టిన గ్రానైట్! కార్న్‌వాల్ బండల అసలు కథ ఇదీ

ఇంగ్లండ్ నైరుతి మూలన ఉన్న కార్న్‌వాల్, డెవాన్ వెళితే మనవాళ్లకు హైదరాబాద్ గుట్టలు గుర్తుకు రావాల్సిందే. ఒకదానిపై ఒకటి పేర్చినట్టుండే గ్రానైట్ బండలను అక్కడ ‘టోర్’ అంటారు. హైదరాబాద్ రాళ్ల వయసు దాదాపు 250 కోట్ల ఏళ్లు. కార్న్‌వాల్‌వి 27 నుంచి 29 కోట్ల ఏళ్లవే. ఆ లెక్కన కుర్ర రాళ్లే!

భూఖండాలు ఢీకొన్నప్పుడే రాయి కరిగి గ్రానైట్ అయిపోతుందని చాలామంది అనుకుంటారు. కార్న్‌వాల్‌లో మాత్రం అలా జరగలేదు. సుమారు 30 కోట్ల ఏళ్ల కిందట యూరప్‌లో భూఖండాలు ఒకదాన్నొకటి నెట్టుకుని వారిస్కన్ పర్వతాలు లేచాయి. కింద భూపటలం మందంగా మారింది. గ్రానైట్ వచ్చింది ఆ తర్వాతే. నెట్టుడు ఆగాక అదే భూపటలం అటూఇటూ సాగడం మొదలుపెట్టింది. చపాతీ పిండిని రెండు వైపులా లాగితే మధ్యలో పలచబడుతుంది కదా, అలాగన్నమాట. పలచబడిన చోటికి మాంటిల్ వేడి పైకి చేరింది. అడుగున ఉన్న పాత మట్టిరాళ్లు కరిగాయి. ఆ కరిగిన రాయి పగుళ్ల గుండా పైకొచ్చి, నేలకు కొన్ని కిలోమీటర్ల లోతులోనే ఆగి మెల్లగా చల్లారింది. అందుకే డార్ట్‌మూర్ బండల్లో సెంటీమీటర్ల పొడవున్న తెల్లటి ఫెల్డ్‌స్పార్ స్ఫటికాలు కంటికే కనిపిస్తాయి. ఇదంతా ఒక్కసారిగా అయిపోలేదు. విడతలు విడతలుగా దాదాపు 2 కోట్ల ఏళ్లు పట్టింది. పైనున్న రాతి పొరలు అరిగిపోయాకే ఈ బండలు బయటపడ్డాయి.

సాగుడు వల్ల మరో లాభం కూడా జరిగింది. ఆ పగుళ్లలోకి చేరిన వేడినీరు తగరం, రాగి, టంగ్‌స్టన్‌ను అక్కడే వదిలేసింది. కార్న్‌వాల్ తగరం గనులకు వేల ఏళ్ల చరిత్ర ఉంది. పేరున్న సౌత్ క్రాఫ్టీ గని 1998లో మూతపడింది.

ఇప్పుడు అందరి చూపూ అక్కడి వేడిపైనే. యునైటెడ్ డౌన్స్ దగ్గర 5 కిలోమీటర్లకు పైగా లోతున బోరు వేశారు. ఆ వేడి పాత మాగ్మాది అనుకుంటే పొరపాటే, అది ఎప్పుడో చల్లారిపోయింది. రాయిలోని యురేనియం, థోరియం, పొటాషియం విచ్ఛిన్నమవుతూ పుట్టిస్తున్న వేడి ఇది.

అయితే అదే యురేనియం నుంచి రేడాన్ అనే వాయువు కూడా వస్తుంది. దీనికి రంగు, వాసన ఉండవు. ఇళ్లలో పేరుకుంటే ఊపిరితిత్తుల క్యాన్సర్ ముప్పు పెరుగుతుంది. అందుకే అక్కడ ఇళ్లలో రేడాన్ పరీక్షలు చేస్తారు. ఎక్కువగా ఉంటే నేల కింద గుంత తీసి, ఫ్యాన్ పెట్టి ఆ గాలిని బయటకు లాగేస్తారు.

మరి మన వంటింటి గ్రానైట్ గట్టు సంగతేంటి? కంగారు అక్కర్లేదు. ఆ పలక నుంచి వచ్చే రేడాన్ మామూలుగా చాలా తక్కువ. ఇళ్లలోకి వచ్చే రేడాన్‌లో ఎక్కువ భాగం పునాది కింది నేల నుంచే.