కార్పల్ టనెల్ సిండ్రోమ్ – చేతిపనులు
మణికట్టులోని ఇరుకు దారిలో మీడియన్ నరం నలిగి వచ్చే జబ్బు. అదే దారిలో 9 స్నాయువులు కూడా సాగుతాయి. వాటి పొర వాస్తే నలిగేది నరమే. బొటనవేలు, చూపుడువేలు, నడిమివేలు, ఉంగరపువేలిలో సగం తిమ్మిరెక్కుతాయి, రాత్రిళ్లు మరీను. చిటికెనవేలు మాత్రం క్షేమం. మణికట్టు వంచి, బిగించి పట్టి, గంటల తరబడి ఒకే కదలిక సాగే పనుల్లో ముప్పు హెచ్చు. ఏలూరు తివాచీ మగ్గంపై ఉన్ని ముడులు వేయడం, కొల్లేరు చుట్టుపక్కల చెరువుల రొయ్యలను ఐసు చల్లదనంలో ఒలవడం ఈ కోవలోవే. కంప్యూటర్ కీబోర్డును అందరూ నిందిస్తారు గానీ, దానిపై ఆధారాలు అంత గట్టివి కావు. మధుమేహం, థైరాయిడ్ లోపం, గర్భధారణ వల్ల కూడా రావచ్చు కనుక నెపమంతా పనిమీదే వేయలేం. తొలిదశలో రాత్రిపూట మణికట్టుకు పట్టీ కట్టుకుంటే చాలామందికి ఉపశమనం దొరుకుతుంది. బొటనవేలి మొదట్లో కండ కరుగుతుంటే ఆపరేషన్ వాయిదా వేయకూడదు.