గుట్ట మీది జినవల్లభుడు

జగిత్యాల నుంచి కరీంనగర్ వెళ్లే బస్సు గంగాధర మీదుగానే పోతుంది. కోరుట్ల వాళ్లు జగిత్యాల వచ్చి అదే బస్సు పట్టుకోవచ్చు, సిరిసిల్ల వాళ్లకు వేములవాడ మీదుగా దారి ఉంది. కానీ వేములవాడ రాజన్నకు కోడె మొక్కు చెల్లించుకుని ఇటు మళ్లి, గంగాధర దగ్గరి కురిక్యాల బొమ్మలగుట్ట ఎక్కేవాళ్లను వేళ్ల మీద లెక్కపెట్టొచ్చు. వెయ్యేళ్లకు పైగా ఆ గుట్ట మీద తెలుగు పద్యం ఉంది. దాన్ని చెక్కించినవాడు జినవల్లభుడు.

కన్నడ ఆదికవి పంపడికి ఇతను సొంత తమ్ముడు. పంపడు వేములవాడ చాళుక్య రాజు రెండో అరికేసరి ఆస్థాన కవి. 941లో విక్రమార్జున విజయం, ఆదిపురాణం రాసి కన్నడిగుల గుండెల్లో కూర్చున్నాడు. తమ్ముడు మాత్రం ఇటు కన్నడిగులకూ అటు మనకూ గట్టిగా పట్టలేదు. నిజానికి ఆ కుటుంబం మూలాలు వేంగినాడులోని వంగిపర్రువి. తండ్రి భీమపయ్య జైనం తీసుకున్న బ్రాహ్మణుడు, తల్లి అబ్బణబ్బె అణ్ణిగేరి ఆడపడుచు. తల్లి వివరం పంపడి కావ్యాల్లో దొరకదు, తమ్ముడు చెక్కించిన ఈ రాతి మీదే దొరుకుతుంది.

శాసనం సుమారు 945 నాటిది. పైన బండ మీద చక్రేశ్వరి, పక్కన తీర్థంకరులు, కింద అక్షరాలు. ఒకే బండ మీద సంస్కృతం, కన్నడం, తెలుగు. తెలుగు వంతుకు మూడు కంద పద్యాలు వచ్చాయి. నన్నయ భారతం మొదలుపెట్టడానికి ఇంకా వందేళ్లుంది. మనకు దొరికిన తెలుగు కందాల్లో ఇవే మొదటివి. అద్దంకి శాసనంలో తరువోజ, బెజవాడ యుద్ధమల్లుడి శాసనంలో మధ్యాక్కర ఉన్నాయి గానీ కందం లేదు. తర్వాత సుమతి శతకకారుడు ఎత్తుకున్నదీ, బడి పిల్లల నాలుక మీద ఆడేదీ ఈ ఛందమే.

పద్యాల సారం సూటిగానే ఉంటుంది. జినాలయాలు కట్టించడంలో, పూజలు చేయించడంలో, మునులకు అన్నం పెట్టడంలో జినవల్లభుడికి సాటి ఎవరున్నారని అడుగుతాయి. సొంత డబ్బా అనుకుంటే అనుకోవచ్చు. ఆ కాలపు శాసనాలన్నీ ఇలాగే మాట్లాడతాయి. ఈ పద్యాలు అతని కలం నుంచే వచ్చాయా, మరో కవి రాసిచ్చాడా అన్నది పండితుల పేచీ. నాకు ముఖ్యమనిపించేది వేరే. రాజుగారి కొలువులో కన్నడ కావ్యం వెలుగుతుండగా, చుట్టుపక్కల జనం మాటను కూడా బండ మీదకు ఎక్కించాలని అతనికి తోచింది. తెలుగు ఛందస్సుకు తొలి పుస్తకాల్లో ఒకటైన కవిజనాశ్రయం రాసిన మల్లియ రేచనకు ఇతనే అండ అని కొందరు పండితులు చెబుతారు.

గుట్ట కింద తటాకం తవ్వించి దానికి కవితాగుణార్ణవం అని పేరు పెట్టాడు. అది అన్న బిరుదు. మదనవిలాసం అనే తోట, త్రిభువనతిలకం అనే బసది (జైన ఆలయం) కూడా అతనివే. అన్నకు అరికేసరి ధర్మవురం అగ్రహారంగా ఇచ్చాడన్న సంగతినీ శాసనం వదల్లేదు. అది జగిత్యాల జిల్లాలోని మన ధర్మపురే అని చాలామంది నమ్మకం, కాదనేవాళ్లూ ఉన్నారు. 959లో జైనాచార్యుడు సోమదేవసూరి యశస్తిలక చంపువు పూర్తి చేసింది కూడా ఈ గంగాధరలోనే.

తెలుగుకు 2008లో ప్రాచీన హోదా రావడం ఈ శాసనం పుణ్యమే అని సభల్లో చెబుతుంటారు. అది కొంచెం అతి. ఆ హోదాకు కావలసింది పదిహేను వందల ఏళ్ల పాతదనం, ఇది పదో శతాబ్దపు రాయి. లేని గొప్ప అంటగట్టకుండానే దీనికి చాలినంత గొప్ప ఉంది.

ఈ మధ్య కాలంలో గుట్టకు గ్రానైట్ క్వారీల బెడద వచ్చింది. ఊరివాళ్లు, చరిత్ర మీద ప్రేమ ఉన్నవాళ్లు అడ్డుపడ్డారు. పడకపోయి ఉంటే అబ్బణబ్బె పేరు కూడా బ్లాకులై కాకినాడ రేవుకు వెళ్లిపోయేది.